టెస్కో లెక్కల్లో 26 కోట్ల పౌండ్ల చిల్లు: రేపటి డబ్బుని ఇవాళే లాభంలో రాసుకున్న కథ

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక సోమవారం పొద్దున్నుంచి మొదలుపెడదాం. తేదీ 2014 సెప్టెంబర్ 22. లండన్‌లో స్టాక్ మార్కెట్ ఇంకా తెరవలేదు. అంతలోనే టెస్కో అనే కంపెనీ ఒక ప్రకటన ఇచ్చింది. అందులో ఉన్న విషయం ఇదీ: ఈ ఆరు నెలలకి మాకు రాబోయే లాభం ఇంత అని మూడు వారాల కింద మీకు ఒక అంకె చెప్పాం, ఆ అంకెలో సుమారు 25 కోట్ల పౌండ్లు ఎక్కువ చూపించాం. అప్పట్లో ఒక పౌండు అంటే దాదాపు 100 రూపాయలు. అంటే మన లెక్కలో సుమారు 2,500 కోట్ల రూపాయలు.

ఆ ఒక్క రోజులో టెస్కో షేరు 11 శాతానికి పైగా పడిపోయింది. దాదాపు 200 కోట్ల పౌండ్ల విలువ సాయంత్రానికల్లా ఆవిరైపోయింది.

ఇక్కడ మీరు అనుకోవచ్చు, ఎవరో డబ్బు ఎత్తుకుపోయి ఉంటారని. అలా ఏం కాదు. ఖజానాలోంచి ఒక్క పౌండు కూడా ఎవరూ జేబులో వేసుకోలేదు. దొంగ బిల్లులతో బ్యాంకులో లేని డబ్బుని ఉన్నట్టు చూపించిన కేసు కూడా కాదు. ఇదంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది. ఒక డబ్బు "మాది" అని పుస్తకంలో ఎప్పుడు రాసుకోవాలి? ఇవాళా, ఆరు నెలల తర్వాతా, వచ్చే ఏడాదా? ఈ ప్రశ్నకి కంపెనీ ఇచ్చుకునే జవాబునే అకౌంటింగ్ పాలసీ అంటారు. వార్షిక నివేదికలో వెనకెక్కడో, చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఎవరూ చదవరు. ఆ చిన్న అక్షరాల చరిత్రే ఇవాళ మనం చెప్పుకోబోతున్నాం.

ముందు ఈ కంపెనీ ఎక్కడ పుట్టిందో చూద్దాం.

1919. మొదటి ప్రపంచ యుద్ధం అప్పుడే అయిపోయింది. జాక్ కోహెన్ అనే కుర్రాడు సైన్యం నుంచి బయటికొచ్చాడు. చేతిలో ఉన్నది సర్వీసు అయిపోయినప్పుడు ఇచ్చిన 30 పౌండ్లు. యుద్ధం కోసం తయారై మిగిలిపోయిన తిండి సరుకులు అప్పుడు చవగ్గా దొరుకుతున్నాయి. అవి కొని, తూర్పు లండన్‌లోని హాక్నీ సంతలో ఒక బండి పెట్టాడు. మొదటి రోజు అమ్మకం 4 పౌండ్లు, లాభం 1 పౌండు. టెస్కో తన చరిత్ర చెప్పుకునేటప్పుడు ఇప్పటికీ ఈ రెండు అంకెలతోనే మొదలుపెడుతుంది.

ఈ లెక్క చూడండి, ఎంత హాయిగా ఉందో. పొద్దున సరుకు కొన్నాడు, సాయంత్రానికి అమ్మేశాడు, డబ్బులు లెక్కపెట్టుకున్నాడు. కొన్నది తీసేస్తే మిగిలింది లాభం. మన సంతలో కూరగాయలమ్మే అవ్వకి కూడా ఇదే లెక్క. చీకటి పడేసరికి తేలిపోతుంది. ఇందులో పాలసీ అక్కర్లేదు, ఆడిటర్ అక్కర్లేదు, వాదన అసలే లేదు.

తర్వాత కంపెనీ పెరిగింది. 1924లో టీ పొడి అమ్మే టి.ఇ. స్టాక్‌వెల్ పేరులోంచి మూడు అక్షరాలు, కోహెన్ పేరులోంచి రెండు అక్షరాలు కలిపి "టెస్కో" అన్న పేరు పెట్టాడు. 1947లో కంపెనీ లండన్ స్టాక్ ఎక్స్ఛేంజీలోకి వచ్చింది. సరుకు గుట్టలుగా పొయ్యి, చవగ్గా అమ్మేయ్ అన్నది కోహెన్ సూత్రం. 1995లో క్లబ్‌కార్డ్ తెచ్చారు. మన దగ్గర ఇప్పుడు ప్రతి షాపులోనూ బిల్లు వేసేటప్పుడు "ఫోన్ నంబర్ చెప్పండి, పాయింట్లు పడతాయి" అంటారు కదా, ఆ పద్ధతిని అంత పెద్ద ఎత్తున నడిపిన మొదటి వాళ్ళలో వీళ్ళొకరు. అదే ఏడాది సెయిన్స్‌బరీస్‌ని దాటి బ్రిటన్‌లో నంబర్ వన్ అయ్యారు. 1997 నుంచి 2011 దాకా టెర్రీ లీహీ నడిపించిన కాలంలో ఇంకా పెద్దదైంది. బ్రిటన్‌లో కిరాణా మీద ఖర్చయ్యే డబ్బులో పావు వంతుకి పైగా టెస్కో గల్లాపెట్టెలోనే పడేది.

మన దేశంతో కూడా దీనికి సంబంధం ఉంది. 2004 నుంచి బెంగళూరులో టెస్కో ఆఫీసు ఉంది. స్టార్ బజార్ దుకాణాలు నడిపే ట్రెంట్ హైపర్ మార్కెట్‌లో 2014లోనే సగం వాటా తీసుకుంది. మిగతా సగం టాటాల ట్రెంట్‌ది.

ఇప్పుడు 2014 ఫిబ్రవరితో ముగిసిన ఏడాది అంకెలు చూడండి. అమ్మకాలు సుమారు 6,360 కోట్ల పౌండ్లు. వ్యాపారం మీద లాభం 330 కోట్ల పౌండ్లు. అంటే 100 పౌండ్ల సరుకు అమ్మితే చేతికి మిగిలేది సుమారు 5 పౌండ్లు. కోహెన్‌కి మొదటి రోజు నాలుగింట ఒకటి మిగిలింది. తొంభై అయిదేళ్ళ తర్వాత ఇరవైలో ఒకటి మిగులుతోంది. సూపర్ మార్కెట్ వ్యాపారమే అంత. కొండంత అమ్మకం, పిడికెడు లాభం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే లాభం ఇంత పల్చగా ఉన్నప్పుడు లెక్కలో కాస్త అటూ ఇటూ అయినా మొత్తం బొమ్మ మారిపోతుంది.

సరే, ఆ "కాస్త అటూ ఇటూ" ఎక్కడ జరిగింది? దీనికి లండన్ దాకా వెళ్ళక్కర్లేదు. మీ వీధి చివర కిరాణా కొట్టు చాలు.

కొట్టుకి సబ్బుల కంపెనీ సేల్స్‌మ్యాన్ బైక్ మీద వస్తాడు. "అన్నా, పది పెట్టెలు తీసుకుంటే ఒకటి ఫ్రీ" అంటాడు. అది స్కీమ్. "మా షాంపూ సాషేలు కౌంటర్ ముందే వేలాడదీయి, నెలకి ఇంత ఇస్తాం" అంటాడు. అది డిస్‌ప్లే డబ్బు. "ఏడాదిలో వెయ్యి పెట్టెలు లేపావంటే మార్చి ఆఖర్లో లక్ష రూపాయలు" అంటాడు. అది టార్గెట్ బోనస్. అంటే కొట్టు ఆయనకి డబ్బు మన దగ్గర్నుంచే కాదు, సరుకు అమ్మే కంపెనీ దగ్గర్నుంచి కూడా వస్తుంది. సూపర్ మార్కెట్ల భాషలో ఈ రెండో రకం డబ్బుని కమర్షియల్ ఇన్‌కమ్ అంటారు. లెక్కల్లో ఇది అమ్మకం కింద రాదు. సరుకు కొన్న ధరలోంచి తగ్గింపుగా వస్తుంది. కొన్న ధర తగ్గితే లాభం పెరుగుతుంది, అంతే.

ఇప్పుడు ఆ లక్ష రూపాయల టార్గెట్ తీసుకుందాం. ఏప్రిల్‌లో మొదలైంది. సెప్టెంబర్ ఆఖరికి కొట్టు ఆయన 450 పెట్టెలు అమ్మాడు. ఆరు నెలల లెక్క కట్టమని వాళ్ళబ్బాయికి చెప్పాడు. ఆ కుర్రాడు ఎంత రాయాలి?

ఒక జవాబు: సున్నా. వెయ్యి పెట్టెలు ఇంకా అవలేదు, పైసా చేతికి రాలేదు. ఇది అతి జాగ్రత్త మనిషి జవాబు.

రెండో జవాబు: 45 వేలు. దసరా, దీపావళి, సంక్రాంతి ముందున్నాయి, టార్గెట్ కచ్చితంగా కొడతాం, కాబట్టి ఇప్పటిదాకా అమ్మినదాని వంతు రాసుకుందాం. టార్గెట్ కొట్టే అవకాశం నిజంగా బలంగా ఉంటే, దానికి ఆధారాలుంటే, ఇది తప్పు కాదు. అకౌంటింగ్ నియమాలు ఒప్పుకుంటాయి. కానీ చూడండి, ఆరు నెలల్లో 450 అంటే ఇదే ఊపుతో పోతే ఏడాదికి 900. వంద తక్కువ. మరి టార్గెట్ కొడతామన్న నమ్మకం ఎంతవరకు నిజం? ఇది లెక్కల పుస్తకం చెప్పదు, మనిషి చెప్పాలి.

మూడో జవాబు: మొత్తం లక్ష. "ఎలాగూ వస్తుంది కదా, ఇప్పుడే రాసేద్దాం." ఇదీ అసలు తప్పు. వచ్చే ఆరు నెలల కష్టానికి రావాల్సింది ఈ ఆరు నెలల్లో కలిపేసుకోవడం. పైగా ఇంకో మెలిక ఉంది. ఆ పెట్టెల్లో కొన్ని ఇంకా గోడౌన్‌లోనే ఉన్నాయనుకోండి. నియమం ప్రకారం రాయితీ అన్నది ఆ సరుకు ధరలోంచి తగ్గాలి, ఆ సరుకు అమ్ముడైనప్పుడే లాభంలో కనపడాలి. అల్మరాలో కూర్చున్న సబ్బు మీద ముందే లాభం రాసుకోకూడదు.

ఇక ఇదే లెక్కని వేల కంపెనీలతో, లక్షల ఒప్పందాలతో గుణించండి. అదీ టెస్కో. ఒక్కో ఒప్పందంలో షరతులు వేరు, తేదీలు వేరు. కొన్ని పక్కా కాగితం మీద, కొన్ని ఈమెయిల్ మీద. అప్పట్లో బ్రిటన్ సూపర్ మార్కెట్లకి ఈ డబ్బు మొత్తం ఎంతో విడిగా చెప్పే అలవాటే లేదు. అది "కొన్న సరుకు ఖరీదు" అనే పెద్ద సముద్రంలో కలిసిపోయేది. బయటివాళ్ళకి కనపడదు.

కానీ హెచ్చరిక రాలేదని అనలేం. 2014 మేలో వచ్చిన టెస్కో వార్షిక నివేదికలో ఆడిటర్ పీడబ్ల్యూసీ సంస్థ తన రిపోర్టులో ఈ కమర్షియల్ ఇన్‌కమ్ మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టామని రాసింది. ఇందులో అంచనాలు ఎక్కువ, అంకెల్ని తారుమారు చేసే ప్రమాదం ఉంది అని కారణం కూడా చెప్పింది. అంటే గొయ్యి పక్కన బోర్డు పెట్టే ఉంది. ఆ బోర్డు నాలుగు నెలల ముందే అందరి చేతుల్లో ఉంది. షేర్లు కొన్న లక్షల మందిలో ఎంతమంది ఆ పేజీ దాకా వెళ్ళి ఉంటారు? మీరే చెప్పండి.

మరి ఇలా ఎందుకు చేశారు? దీనికి ఆ రోజుల ఒత్తిడి అర్థం కావాలి. ఒకవైపు ఆల్డీ, లిడిల్ అనే జర్మన్ చవక దుకాణాలు బ్రిటన్‌లో ఊరూరా తెరుచుకుంటున్నాయి. ఇంకోవైపు అమెరికాలో 2007లో పెట్టిన "ఫ్రెష్ అండ్ ఈజీ" దుకాణాలు నష్టాలు మిగిల్చి 2013లో మూతపడే దాకా వచ్చాయి. అమ్మకాలు తగ్గుతున్నాయి. కానీ లాభం టార్గెట్లు తగ్గలేదు. అమ్మకంతో అంకె రాకపోతే, ఆ అంకె ఇంకెక్కడి నుంచో రావాలి. సరుకు ఇచ్చే కంపెనీల నుంచి ముందుగానే ఇంత వస్తుందని రాసుకుంటే ఈ ఆరు నెలలు గట్టెక్కుతాయి. తర్వాత కోర్టులో ఈ పద్ధతికి వాడిన మాట "పుల్లింగ్ ఫార్వర్డ్", అంటే ముందుకు లాక్కోవడం.

మన భాషలో చెప్పాలంటే ఇది వచ్చే నెల జీతంలోంచి అడ్వాన్స్ తీసుకోవడం. ఈ నెల బాగానే గడుస్తుంది. వచ్చే నెల ఒకటో తారీఖున జీతం సగమే వస్తుంది. అప్పుడు ఆ పై నెల జీతంలోంచి ఇంకాస్త పెద్ద అడ్వాన్స్ కావాలి. ఇది ఒక్కసారితో ఆగదు.

టెస్కో అంకెల్లో ఈ విషయం స్పష్టంగా కనిపిస్తుంది. డెలాయిట్ సంస్థ పరిశీలించాక, 2014 అక్టోబర్ 23న అసలు లెక్క తేలింది. 25 కోట్లు కాదు, 26.3 కోట్ల పౌండ్లు. ఇందులో 2013 కంటే ముందు ఏళ్ళకి చెందింది 7.5 కోట్లు. 2013-14 ఒక్క ఏడాదిది 7 కోట్లు. ఆ తర్వాత కేవలం ఆరు నెలలది 11.8 కోట్లు. చూశారా? అంతకుముందు ఏడాది మొత్తానికి ఉన్నదాని కంటే ఆరు నెలల్లో ఎక్కువ. అడ్వాన్సుల మీద అడ్వాన్సులు పెరిగిపోయి, ఇక దాచలేని చోటికి వచ్చింది. దీనికి తోడు కట్టాల్సిన ఖర్చుల్ని పుస్తకంలో ఆలస్యంగా రాయడం కూడా జరిగిందని కంపెనీయే చెప్పింది. ఆదాయాన్ని ముందుకు లాగడం, ఖర్చుని వెనక్కి తొయ్యడం. రెండూ ఒకే పని చేస్తాయి.

ఇది ఎలా బయటపడిందో చెప్తాను, ఈ కథలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే. 2014 సెప్టెంబర్ 1న డేవ్ లూయిస్ అనే కొత్త సీఈఓ వచ్చాడు. అప్పటిదాకా యూనిలీవర్‌లో పనిచేసినవాడు. మన హిందుస్థాన్ యూనిలీవర్‌కి మాతృసంస్థ అది. అంటే టెస్కోకి సబ్బులు, టీ పొడి అమ్మే వైపు నుంచి వచ్చాడు. పాత ఫైనాన్స్ అధిపతి వెళ్ళిపోతున్నట్టు ఏప్రిల్‌లోనే ప్రకటించారు, కొత్తాయన ఇంకా చేరలేదు. ఆ సమయంలో లోపల ఫైనాన్స్ విభాగంలోని వాళ్ళే ఈ లెక్కల తేడా అంతా ఒక కాగితం మీద పెట్టారు. అది లీగల్ విభాగం ద్వారా సెప్టెంబర్ 19, శుక్రవారం నాడు లూయిస్ దగ్గరికి చేరింది. ఆయన ఉద్యోగంలో చేరి మూడు వారాలు కూడా నిండలేదు. శని, ఆదివారాలు గడిచాయి. సోమవారం పొద్దున ప్రపంచానికి చెప్పేశారు.

అంటే పట్టుకున్నది బయటి ఆడిటర్ కాదు, ప్రభుత్వ సంస్థ కాదు, పెద్ద పెద్ద ఇన్వెస్టర్లు కాదు. లోపల కూర్చుని రోజూ ఆ అంకెలు చూసే ఉద్యోగులు. "ఇది సరిగ్గా లేదు" అని రాసి పైకి పంపడానికి ధైర్యం కావాలి. వాళ్ళు ఆ పని చెయ్యకపోతే ఆ చిల్లు ఇంకెంత పెద్దదయ్యేదో.

ఇక పర్యవసానాలు. ఎనిమిది మంది సీనియర్ ఉద్యోగుల్ని పక్కన పెట్టారు. తాను తప్పుకుంటున్నట్టు ఛైర్మన్ రిచర్డ్ బ్రాడ్‌బెంట్ ప్రకటించాడు. సీరియస్ ఫ్రాడ్ ఆఫీస్ అక్టోబర్ 29న దర్యాప్తు మొదలుపెట్టింది. ప్రపంచంలోనే పేరున్న ఇన్వెస్టర్ వారెన్ బఫెట్ దగ్గర కూడా టెస్కో షేర్లు ఉండేవి. అమ్మేసి బయటపడేసరికి ఆయన కంపెనీకి పన్నులు పోను మిగిలింది 44.4 కోట్ల డాలర్ల నష్టం. ఆ సంగతి తన షేర్‌హోల్డర్లకి రాసిన ఉత్తరంలో ఆయనే ఒప్పుకున్నాడు.

2015 ఏప్రిల్‌లో టెస్కో తన చరిత్రలోనే అతి పెద్ద నష్టం ప్రకటించింది, దాదాపు 640 కోట్ల పౌండ్లు. ఇక్కడ ఒక జాగ్రత్త మాట చెప్పాలి. ఈ నష్టం అంతా ఆ 26 కోట్ల వల్ల వచ్చింది కాదు. ఇందులో 470 కోట్లు దుకాణాల, స్థలాల విలువ తగ్గించి రాయడం వల్ల వచ్చింది. ఇది కూడా ఒక అకౌంటింగ్ పాలసీయే. కట్టిన దుకాణం ఖరీదుని దశాబ్దాల పాటు కొంచెం కొంచెంగా ఖర్చు కింద రాసుకుంటూ పోతారు. కానీ ఆ దుకాణం అంత సంపాదించలేదని తేలితే, మిగిలిన విలువని ఒక్కసారిగా తగ్గించి రాయాలి. కొత్త మేనేజ్‌మెంట్ వచ్చి పాత ఆశల్ని కొట్టేసింది అన్నమాట. 43 దుకాణాలు మూసేశారు. కట్టాలనుకున్న 49 కొత్త దుకాణాల ప్లాన్లు ఆపేశారు. షేర్‌హోల్డర్లకి ఇచ్చే డివిడెండ్ ఆపేశారు. అకౌంటెన్సీ అంటే ఏంటో తెలియని, క్యాష్ కౌంటర్లో బిల్లులు వేసే వాళ్ళ ఉద్యోగాలు పోయాయి.

సరుకు సప్లయి చేసేవాళ్ళ సంగతి ఇంకా ఘోరం. బ్రిటన్‌లో గ్రోసరీస్ కోడ్ అడ్జుడికేటర్ అని ఒక అధికారి ఉంటారు. సూపర్ మార్కెట్లు సప్లయర్లని ఇబ్బంది పెట్టకుండా చూడటం ఆ అధికారి పని. అప్పుడు ఆ పదవిలో ఉన్నావిడ క్రిస్టీన్ టేకన్. ఆవిడ 2016 జనవరిలో ఇచ్చిన రిపోర్టులో తేల్చింది ఏమిటంటే, టెస్కో సప్లయర్లకి ఇవ్వాల్సిన డబ్బుని కావాలని ఆపింది. కొన్నిచోట్ల ఏడాది పైగా. ఇప్పుడే కట్టొద్దు, మన లాభం అంకె తగ్గుతుంది అనే అర్థం వచ్చే అంతర్గత ఈమెయిల్స్ కూడా దొరికాయి. మన దగ్గర చిన్న ఫ్యాక్టరీ పెట్టి పెద్ద షాపులకి సరుకు వేసేవాళ్ళకి ఈ బాధ బాగా తెలుసు. "బిల్లు చూస్తున్నాం, వచ్చే వారం రండి" అంటారు. ఇక్కడ వీళ్ళ జీతాలు, బ్యాంకు వడ్డీ ఆగవు. టెస్కో లాభం అందంగా కనపడటానికి వాడింది ఒక రకంగా ఈ చిన్నవాళ్ళ డబ్బే. అంత తేలాక కూడా జరిమానా లేదు. ఎందుకంటే జరిమానా వేసే అధికారం ఆవిడకి 2015 ఏప్రిల్‌లోనే వచ్చింది, ఈ తప్పులు అంతకుముందువి.

లాభం ఎక్కువ చూపిన కేసు మాత్రం 2017లో తేలింది. టెస్కో స్టోర్స్ అనే అనుబంధ సంస్థ సీరియస్ ఫ్రాడ్ ఆఫీస్‌తో ఒప్పందం చేసుకుని 12.9 కోట్ల పౌండ్ల జరిమానా కట్టింది. తప్పు అంకె బయటికి చెప్పిన 2014 ఆగస్టు 29కీ, అది బయటపడటానికి ముందు సెప్టెంబర్ 19కీ మధ్య షేర్లు కొన్నవాళ్ళకి సుమారు 8.5 కోట్ల పౌండ్లు పరిహారంగా ఇచ్చారు. మరి మనుషుల మాటేంటి? ముగ్గురు మాజీ అధికారుల మీద క్రిమినల్ కేసు నడిచింది. 2018 డిసెంబర్‌లో ఇద్దరు, 2019 జనవరిలో మూడో ఆయన నిర్దోషులుగా బయటికొచ్చారు. ఇద్దరి విషయంలో వాళ్ళు జవాబు చెప్పుకోవాల్సినంత ఆధారమే లేదని జడ్జి అన్నాడు. ఆడిటర్ మీద విచారణ కూడా 2017లో ఏ చర్యా లేకుండా ముగిసింది. అంటే కంపెనీ జరిమానా కట్టింది, కానీ చట్టం దృష్టిలో దోషి అన్న మనిషి ఒక్కడూ లేడు. ఇది చూసి మీకు కోపం రావచ్చు. కానీ ముగ్గురూ నిర్దోషులన్నది కోర్టు తీర్పు, దాన్ని దాచి కథ చెప్పడం న్యాయం కాదు.

ఇదేమీ ప్రపంచంలో మొదటిసారి జరగలేదు. పదకొండేళ్ళ ముందు, 2003 ఫిబ్రవరి 24న, నెదర్లాండ్స్‌కి చెందిన ఆహోల్డ్ అనే సూపర్ మార్కెట్ కంపెనీ దాదాపు ఇలాంటి ప్రకటనే ఇచ్చింది. దాని అమెరికా అనుబంధ సంస్థలో లాభం కనీసం 50 కోట్ల డాలర్లు ఎక్కువ చూపించారు. కారణం? సప్లయర్ల నుంచి వచ్చే ప్రమోషన్ డబ్బు. అదే గొయ్యి. ఆహోల్డ్ షేరు ఒక్క రోజులో సగానికి పైగా పోయింది. అక్కడైతే ఇంకా ముదిరిపోయింది. ఆడిటర్ అడిగితే "అవును, మేం ఇంత ఇవ్వాలి" అని సప్లయర్ కంపెనీల మనుషులు అబద్ధపు ఉత్తరాల మీద సంతకాలు పెట్టారు. టెస్కోలో అలాంటిది బయటపడలేదు. కానీ ఒక పెద్ద కంపెనీ పడిన గోతిలో పదకొండేళ్ళకి ఇంకో పెద్ద కంపెనీ పడింది.

మనకి లెక్కల మోసం అనగానే గుర్తొచ్చేది సత్యం. 2009 జనవరి 7న రామలింగరాజు రాసిన ఉత్తరం హైదరాబాద్‌లో ఎంత కలకలం రేపిందో మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. అక్కడ బ్యాంకులో ఉన్నాయన్న 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవు. అది అబద్ధం, సూటిగా. బ్యాంకుకి వెళ్ళి సరిగ్గా అడిగితే తేలిపోయే అబద్ధం. టెస్కో సంగతి అలా కాదు. అక్కడ సప్లయర్లు ఉన్నారు, ఒప్పందాలు ఉన్నాయి, డబ్బులో చాలా భాగం రావాల్సిందే. తేదీ దగ్గరే తేడా. అందుకే ఇది పట్టుకోవడం కష్టం. చేసేవాళ్ళకి కూడా "మనం తప్పు చేస్తున్నాం" అనిపించదు. "ఎలాగూ వచ్చేదే కదా" అనిపిస్తుంది. ఆ ఒక్క మాట దగ్గరే జారుడు మొదలవుతుంది.

ఆ తర్వాత కొన్ని మంచి మార్పులు వచ్చాయి. 2014 డిసెంబర్‌లోనే బ్రిటన్ రెగ్యులేటర్ కంపెనీలన్నిటికీ చెప్పింది, సప్లయర్ల నుంచి వచ్చే డబ్బు గురించి స్పష్టంగా రాయండి అని. టెస్కో తన నివేదికలో ఈ డబ్బుని ఏ షరతు పూర్తయ్యాక రాసుకుంటుందో, సప్లయర్ల నుంచి ఇంకా ఎంత రావాలో విడిగా చూపించడం మొదలుపెట్టింది. 1983 నుంచి ఉన్న ఆడిటర్‌ని 2015లో మార్చింది.

ఇక మీ ఫోన్ దగ్గరికి వద్దాం. ఇది చూస్తున్న మీలో చాలామందికి డీమ్యాట్ అకౌంట్ ఉంటుంది. డీమార్ట్, ట్రెంట్ లాంటి రిటైల్ షేర్లు యాప్‌లో వేలితో తోస్తూ కొనేస్తున్నారు. యాప్ మీకు లాభం అంకె చూపిస్తుంది, ఆకుపచ్చ గీత చూపిస్తుంది. ఆ అంకె వెనక ఉన్న పాలసీని చూపించదు. అది కంపెనీ వార్షిక నివేదికలో ఉంటుంది, కంపెనీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. రెండు వందల పేజీలూ చదవక్కర్లేదు. ఫోన్‌లో పీడీఎఫ్ తెరిచి మూడు చోట్లకి వెళ్ళండి.

మొదటిది, ఆడిటర్ రిపోర్టులో "కీ ఆడిట్ మ్యాటర్స్" అనే భాగం. మన దేశంలో లిస్టెడ్ కంపెనీల ఆడిటర్లు 2018 ఏప్రిల్ తర్వాత మొదలైన ఏడాదుల నుంచి ఇది రాయాలి. నాకు ఎక్కడ భయం వేసింది, ఎక్కడ ఎక్కువ తవ్వి చూశాను అని ఆడిటర్ చెప్పే చోటు అది. టెస్కో కథలో గొయ్యి పక్కన బోర్డు ఉందన్నానే, అలాంటి బోర్డే.

రెండోది, అకౌంటింగ్ పాలసీల నోట్. అందులో ఇన్వెంటరీస్, అంటే సరుకు నిల్వ అనే మాట వెతకండి. సప్లయర్ల నుంచి వచ్చే రాయితీలు, డిస్కౌంట్లు ఎలా, ఎప్పుడు లెక్కలోకి తీసుకుంటారో రాశారా చూడండి. అమ్ముడుపోని సరుకు విలువ ఎలా కడతారో చూడండి. కొన్న ధరా, ఇప్పుడు అమ్మితే వచ్చే ధరా, ఈ రెంటిలో ఏది తక్కువైతే అదే రాయాలన్నది నియమం.

మూడోది, క్యాష్ ఫ్లో పేజీ. లాభం ఏటా పెరుగుతోంది, కానీ వ్యాపారం నుంచి చేతికి వచ్చే నగదు మాత్రం పెరగట్లేదు, పైగా "ఇంకా రావాల్సిన డబ్బు" అంకె లావెక్కుతోంది అంటే ఆగి ఆలోచించండి. అది తప్పు జరుగుతోందని రుజువు కాదు. కానీ అడగాల్సిన ప్రశ్న ఉందని గుర్తు.

ఈ మూడూ చూడటానికి ఒక అరగంట పడుతుంది. మీరు కామర్స్ చదవకపోయినా అర్థమవుతుంది, ఎందుకంటే ఇప్పుడు మీకు కిరాణా కొట్టు లక్ష రూపాయల టార్గెట్ లెక్క తెలుసు. ఎక్కడ చూసినా అడగాల్సింది అదే: ఈ డబ్బు నిజంగా వచ్చేసిందా, లేక వస్తుందన్న నమ్మకం మీద రాసుకున్నారా? ఆ నమ్మకానికి ఆధారం ఏంటి?

మీలో కామర్స్, సీఏ, ఎంబీఏ చదువుతున్న వాళ్ళు ఉంటే మీకు ఇంకో మాట. రేపు మీరు ఇలాంటి కంపెనీల్లో ఫైనాన్స్ విభాగంలోనే కూర్చుంటారు. ఏదో ఒక త్రైమాసికం ఆఖర్లో మీ పైఅధికారి వచ్చి "ఎలాగూ వచ్చేదే కదా, ఈ నెలలో వేసెయ్" అంటాడు. అప్పుడు 2014 సెప్టెంబర్‌లో ఆ కాగితం రాసి పైకి పంపిన టెస్కో ఉద్యోగుల్ని గుర్తు తెచ్చుకోండి. వాళ్ళు పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ళు కాదు. అయినా ఆ చిల్లు అక్కడితో ఆగింది వాళ్ళ వల్లే.

మీరు ఏ కంపెనీ వార్షిక నివేదిక తెరిచారో, అందులో పాలసీ నోట్‌లో మీకు అర్థం కాని వాక్యం ఏదో కామెంట్లలో పెట్టండి. బాగున్నవి తీసుకుని వచ్చే ఎపిసోడ్‌లో విడదీసి చెప్తాను. అప్పటిదాకా సెలవు.